అల్పజీవికి భయపడే ఆస్తికులు

విశాఖపట్నం వన్ టౌన్‌లో సాయంకాల పారాయణం ముగిసి, తీర్థప్రసాద వినియోగం జరిగిన తరువాత మండపంలో మరికొంతసేపు కూర్చునే పెద్దలలో ఒక ఆక్షేపణ తరచుగా వినవస్తుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి 'అల్పజీవి' నవల ఏ యువకుని చేతిలోనైనా కనిపించిన దినాన అది మరింత తీవ్రమవుతుంది. "ఆయుర్దాయం స్వల్పం, శాస్త్రం అపారం. పిరికివాడైన ఒక గుమాస్తా మనస్సులో పుట్టే రొచ్చునంతా చదివితే సాధకునికి ఒరిగేది ఏమిటి? ఆ రచయిత భక్తుడా? ఆ కథలో ఈశ్వరుడున్నాడా?" అని ఆ ఆక్షేపణ సారాంశం.

వినడానికి ఇది వైరాగ్యం వలె ఉంటుంది. కాని వైరాగ్యానికి తాను దేనిని విడిచినదో తెలుసును. ఈ ఆక్షేపకులలో అధికులు ఆ గ్రంథాన్ని తెరవనే లేదు. తెరచినవారిలో కొందరు నడుమ మూసివేశారు. ఎందుకు మూసివేశారని నిలదీసి అడిగితే, కథ విసుగు పుట్టించినదని చెప్పేవారు అరుదు. ఏదో ఇబ్బందిగా ఉన్నదని మాత్రం అంటారు. ఆ ఇబ్బంది పేరు భయం. సుబ్బయ్య ముఖంలో తమ ముఖం కనబడుతుందేమోనన్న భయం. కావున ఈ విచారణ ఆ భయంతోనే ప్రారంభం కావాలి.

ముందుగా గ్రంథాన్ని గురించి. రావిశాస్త్రి గారు 1922 జులై 30న శ్రీకాకుళంలో జన్మించారు; 1993 నవంబరులో పరమపదించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం ముగించి, విశాఖలో న్యాయవాద వృత్తిని అవలంబించారు. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో ఉన్నారు. ఈ చివరి వాక్యం చాలు, మండపంలోని పెద్దలలో సగంమంది చెవులు మూసుకోవడానికి. తత్త్వశాస్త్రం చదివినవాడన్న మాట మాత్రం వారి చెవికి ఎక్కదు. 'అల్పజీవి' వారి తొలి నవల, 1950ల తొలి సంవత్సరాల నాటిది. నాటికే గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు గారి 'చివరకు మిగిలేది' వెలువడి ఉన్నాయి. తరువాత 1969లో నవీన్ గారి 'అంపశయ్య' వచ్చినది. మనుష్యుని బాహ్యవృత్తాంతాన్ని విడిచి, అంతఃకరణంలో ప్రవేశించి కూర్చున్న తెలుగు నవలలలో ఇవి ప్రధానమైనవి.

సుబ్బయ్య ఒక కార్యాలయంలో గుమాస్తా. భార్య సావిత్రి ముందు అతనికి సంకోచం. బావమరిది వెంకట్రావు ముందు సంకోచం. పై అధికారి సంగతి చెప్పనే అక్కరలేదు. గవరయ్య అనే కంట్రాక్టరుతో డబ్బు వ్యవహారంలో చిక్కుకొని, దానినుండి బయటపడే మార్గం తెలియక లోలోపల కుమిలిపోతాడు. కథ అంటే ఇంతే. ఎదుటివాడు బలవంతుడు, తాను అల్పుడు అనే తీర్పు అతని మనస్సు ఎవరూ అడగకముందే ప్రకటించివేస్తుంది. ఆ తీర్పుకు అనుగుణంగా సాక్ష్యాలను వెదుక్కొంటూ అతడు జీవిస్తాడు. రావిశాస్త్రి గారు న్యాయస్థానాలు తెలిసినవారు కాబట్టి, విచారణకు ముందే శిక్ష పడిన మనస్సు ఎట్లా ఉంటుందో వారికి బాగుగా తెలుసును.

ఇక మొదటి ఆక్షేపణ. భయగ్రస్తుని మనస్సును చదివితే చదివేవాని మనస్సు కూడ భయగ్రస్తమవుతుంది, దేనిని భావిస్తే అదే అవుతాడు కదా, అంటారు. ఈ యుక్తి నిలిచేదైతే భగవద్గీతలో ప్రథమాధ్యాయాన్ని చించివేయవలసి ఉంటుంది. అవయవాలు పట్టుదప్పడం, నోరు ఎండిపోవడం, దేహం కంపించడం, గాండీవం చేతినుండి జారిపోవడం, చర్మం మండడం, నిలువలేకపోవడం, మనస్సు గిరగిర తిరగడం: మహావీరుడైన అర్జునుని శరీరంలో భయవిషాదాలు కలిగించిన వికారాలను వ్యాసమహర్షి ఒక్కటి విడువకుండా అతని నోటనే చెప్పించాడు. ఆ అధ్యాయానికి సంప్రదాయం పెట్టిన పేరులో యోగశబ్దం కూడ ఉన్నది. విషాదం యోగమెట్లా అయినదని పెద్దలు ప్రవచనాలలో గంటలకొలది వ్యాఖ్యానిస్తారు. అదే పెద్దలు సుబ్బయ్య నోరు ఎండిపోతే అది అశుచి అంటారు. అర్జునునికి రథమున్నది, సుబ్బయ్యకు లేదు, తేడా అంతవరకే.

లేదు, ఇంకొక తేడా ఉన్నదని ఒప్పుకోవాలి. అర్జునునికి పక్కన కృష్ణుడున్నాడు. సుబ్బయ్యకు లేడు. దీనిని గురించి తరువాత.

రెండవ ఆక్షేపణ మొదటిదానికంటె ప్రమాదకరమైనది, ఎందుకంటే అది పొగడ్త వేషంలో వస్తుంది. "మనస్తత్త్వమంతా మన శాస్త్రాలలో ఉన్నదే. పతంజలి ఏనాడో చిత్తవృత్తులు అయిదని లెక్కపెట్టి చెప్పాడు. వేదాంతులు అంతఃకరణాన్ని మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగుగా విభజించారు. పాశ్చాత్యులు నిన్న మొన్న కనుగొన్నదానిని ఈ నవలాకారులు అరువు తెచ్చుకున్నారు. మనకు కొత్తగా ఏమున్నది?" అని.

ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి అని అయిదు పేర్లు వల్లించడానికి ఒక నిమేషం చాలు. అట్లు వల్లించినవాడు, నిన్న మధ్యాహ్నం తన మనస్సులో ఒక వికల్పం ఎక్కడ పుట్టినది, ఏ జ్ఞాపకాన్ని ఊతగా పట్టుకొన్నది, ఎట్లా పెరిగి రాత్రి నిద్రను మింగివేసినదో చెప్పగలడా? వస్తువే లేనిచోట కేవలం మాటను అనుసరించి పుట్టే వృత్తి వికల్పమని సూత్రకారుని అభిప్రాయం. అధికారి కనుబొమ ముడిచాడు. దానికి కారణం తానేనని ఒక తలపు. తన ఉద్యోగం పోయినదని మరొక తలపు. పిల్లలు వీధిన పడ్డారని ఇంకొకటి. కార్యాలయపు మెట్లు దిగేలోపల ఒక సంసారమంతా నాశనమైపోయినది. అక్కడ వస్తువేదీ లేదు. అధికారికి తలనొప్పి, అంతే. సూత్రం ఈ జాతిని నిర్వచించినది. ఈ జాతికి చెందిన ఒక్కొక్క వ్యక్తిని పట్టుకొని, ఊపిరి ఆడుతుండగా చూపించే పని సూత్రానిది కాదు. అది నవల చేసినది. ఓషధుల పేర్లు నిఘంటువులో కంఠస్థం చేసినంతమాత్రాన అడవిలో మొక్కను గుర్తుపట్టలేనట్లే, వృత్తుల పేర్లు తెలిసినవాడు తనలో వృత్తిని గుర్తుపట్టలేడు. "అన్నీ మనలోనే ఉన్నాయి" అనే వాక్యం పాండిత్యం వలె మొదలై సోమరితనంలో ముగుస్తుంది.

ఇక్కడ ఒక పదాన్ని గురించి తగవు పెట్టుకోక తప్పదు. ఈ రచనాపద్ధతిని తెలుగు విమర్శకులు 'చైతన్య స్రవంతి' అన్నారు. విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన మనస్తత్త్వ గ్రంథంలో మనస్సును ప్రవాహంతో పోల్చాడు. ఆ పోలికను సాహిత్యం తనదిగా చేసుకొన్నది. తెలుగులో దానికి ఈ పేరు స్థిరపడినది. వేదాంతదృష్టితో చూస్తే ఇది తప్పు పేరు. చైతన్యం ప్రవహించదు. ప్రవహించేది వృత్తి. చైతన్యం ఆ ప్రవాహాన్ని ప్రకాశింపజేస్తుంది, తాను కదలదు. 'చిత్తవృత్తి స్రవంతి' అని ఉండవలసినది. ఇది కేవలం పండితుల పదకలహమని కొట్టివేయరాదు. ప్రవహించేదే చైతన్యమని నమ్మినవాడు ప్రవాహంతోపాటు కొట్టుకొనిపోవడం తప్ప వేరే గతి లేదని కూడ నమ్ముతాడు. సుబ్బయ్య దుఃఖం సరిగ్గా అదే. భయం వచ్చినప్పుడు తనకు భయం వచ్చినదని అతడు చూడడు, తానే భయమైపోతాడు.

అయితే చదివేవాని సంగతి వేరు. ఇదే ఈ గ్రంథంలోని రహస్యం. సుబ్బయ్య మనస్సు సుబ్బయ్యకు దృశ్యం కాదు, కాని పాఠకునికి దృశ్యం. తలపు పుట్టడం, వంకర తిరగడం, తనను తాను సమర్థించుకోవడం, మళ్లీ తనను తిట్టుకోవడం, ఇదంతా పాఠకుడు ఒడ్డున నిలిచి చూస్తాడు. చూస్తూ చూస్తూ ఉండగా, తాను చూస్తున్నది తన మనస్సునేనన్న ఎరుక ఒకచోట కలుగుతుంది. ఆ క్షణంలో అతడు తన భయానికి ఎడంగా నిలిచి ఉన్నాడు. దృగ్దృశ్యవివేకమని ప్రకరణగ్రంథాలు దేనిని బోధిస్తున్నాయో, దానికి ఇది ఒక చిన్న అభ్యాసం. కొన్ని గంటలపాటు, ఒక్క భయం విషయంలో, పాఠకుడు సాక్షిస్థానంలో కూర్చొంటాడు. డెబ్బది సంవత్సరాలుగా ఈ నవలను జనం విడువకపోవడానికి ఇంతకంటె బలమైన కారణం కనబడదు.

విద్యారణ్యస్వామి పంచదశిలో నాటకదీపమనే దశమ ప్రకరణం ఉన్నది. నృత్యశాలలో ఒక దీపం వెలుగుతున్నది. అది సభాపతిని, సభ్యులను, నర్తకిని భేదం లేకుండా ప్రకాశింపజేస్తుంది. వారందరూ వెళ్లిపోయినా వెలుగుతూనే ఉంటుంది. అహంకారం సభాపతి, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి, సాక్షి దీపం అని ఆ ప్రకరణంలోని అన్వయం. 'అల్పజీవి'లో కథనం ఈ దీపంలాగా పనిచేస్తుంది. సుబ్బయ్య పిరికితనం మీద ఎంత వెలుగు పడుతుందో, అతనిని భయపెట్టేవారి దర్పం మీద కూడ అంతే పడుతుంది. ఆ వెలుగులో ద్వేషం లేదు, జాలి కారడం కూడ లేదు. హాస్యం ఉన్నది, కాని అది ఎవరినీ నేలకు తొక్కే హాస్యం కాదు. ఈ సమదృష్టి రచయితకు ఏ మతం వలన, ఏ సిద్ధాంతం వలన అబ్బినదన్న ప్రశ్న అప్రస్తుతం. దీపంలో నూనె ఎవరి గానుగనుండి వచ్చినదని అడిగి వెలుగును నిరాకరించేవాడు చీకటిలోనే కూర్చోవాలి.

జేమ్స్ జాయిస్ అనుకరణ అన్నవారికి కూడ ఇదే సమాధానం. జాయిస్ ప్రభావాన్ని కాదనవలసిన పని లేదు. ఆ ఐర్లండు రచయిత 'యులిసిస్' వెలువడినది కూడ 1922లోనే, అంటే రావిశాస్త్రి గారు జన్మించిన సంవత్సరంలోనే. కాలం కొన్నిసార్లు ఇట్టి పరిహాసాలాడుతుంది. కాని విదేశీ పద్ధతి మాత్రమే ఆకర్షణకు కారణమైతే, ఆ పద్ధతి పాతబడిన తరువాత గ్రంథం కూడ పాతబడి ఉండాలి. పద్ధతి పాతబడినది. సుబ్బయ్య పాతబడలేదు.

పైన చెప్పిన నాలుగు నవలలలో ఈ ఒక్కదానినే సాధకుని చేతికి ఇవ్వవలసిన హేతువు కూడ ఉన్నది. బుచ్చిబాబు గారి దయానిధి లోతుగా ఆలోచిస్తాడు, అందంగా దుఃఖిస్తాడు. చదివేవాడు తనను దయానిధితో పోల్చుకొని కొంత గర్వించే వీలున్నది. గోపీచంద్ గారి సీతారామారావు పతనమవుతాడు, కాని వంశగౌరవం, మేనమామ బోధలు, నశించిన ఆస్తి, ఇన్ని ఉన్న పతనంలో ఒక ఎత్తున్నది. సుబ్బయ్యతో పోల్చుకొని ఎవడూ గర్వించలేడు. అహంకారం కాలు మోపడానికి అతనిలో అరచేతంత చోటు కూడ లేదు. సాధకునికి ఇట్టి అద్దమే కావాలి.

ఇంతవరకు ఆస్తికులతో వాదం. రెండవవైపు వారిని కూడ విడువరాదు. సుబ్బయ్య భయం కేవలం సాంఘికమని, మధ్యతరగతి గుమాస్తా బ్రతుకు మారితే, డబ్బు వ్యవస్థ మారితే ఆ భయం తనంత తాను పోతుందని ప్రగతివాద విమర్శకులు కొందరు అంటారు. ఇందులో సగం సత్యమున్నది. ఆ సగాన్ని ఆస్తికులు గుర్తించాలి. భయానికి చిరునామా ఉంటుంది. అప్పు, అద్దె, అధికారి సంతకం, కంట్రాక్టరు కన్నెర్ర, ఇవి మాయ అని చెప్పి ఊరుకొంటే అది వేదాంతం కాదు, నిర్దయ. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటాను పూర్తిగా ఉపసంహరించాలని కేంద్రం నిర్ణయించినప్పుడు ఈ నగరంలో వేలాది గృహాలలో ప్రవేశించిన భయం వికల్పం కాదు. దానికి వస్తువున్నది. అట్టి గృహస్థునితో "ఆత్మకు నాశము లేదు నాయనా" అని చెప్పి దక్షిణ పుచ్చుకోవడం తగదు.

కాని మిగిలిన సగం? సుబ్బయ్య కాలంనాటికి ఇక్కడ నౌకాశ్రయం ఉన్నది. అది 1933లో ప్రారంభమైనది. తరువాత చమురుశుద్ధి కర్మాగారం వచ్చినది, ఉక్కు వచ్చినది, కొండలవతల కంప్యూటర్ కొలువులు వచ్చాయి. నాటి గుమాస్తా కలలో కూడ చూడని జీతాలు నేటి యువకులు అందుకొంటున్నారు. వారి రాత్రులు సుబ్బయ్య రాత్రులకంటె ప్రశాంతంగా ఉన్నాయా? చేతిలోని యంత్రంలో పై అధికారి పేరు మెరిస్తే ఛాతీలో కలిగే దడ, పాత సర్కారు కచేరీలో బంట్రోతు వచ్చి "అయ్యగారు పిలుస్తున్నారు" అన్నప్పటి దడయే. చిరునామా మారినది, నివాసి మారలేదు. ఇల్లు మార్చవలసినదే, నివాసి ఎవడో కూడ విచారించవలసినదే.

ఆ విచారం ఉపనిషత్తులలో ఉన్నది, నవలలో లేదు. ఈ మాట దాపరికం లేకుండా చెప్పాలి. బృహదారణ్యకంలో ఆదిపురుషుడు ఒంటరియై భయపడ్డాడు. భయపడి ఆలోచించాడు: తనకంటె వేరైనది లేనప్పుడు దేనివలన భయం? అంతటితో అతని భయం తొలగినది. అక్కడ మందు ధైర్యం కాదు, విచారం. తైత్తిరీయం మరింత సూక్ష్మంగా చెప్పినది. పరమాత్మకు తనకు నడుమ రవ్వంత ఎడం కల్పించుకొన్నా సరే, అంతలోనే భయం వచ్చి కూర్చొంటుందట. ఇక ఛాందోగ్యంలో సనత్కుమారుడు నారదునికి భూమవిద్యను ఉపదేశిస్తూ రెండు మాటలను ఎదురెదురుగా నిలిపాడు: భూమ, అల్పం. ఇతరమును చూడడం, ఇతరమును వినడం, ఇతరమును తెలుసుకోవడం ఎక్కడ ఉన్నదో అది అల్పం, అల్పంలో సుఖం లేదు, అల్పమైనది నశించేది.

రావిశాస్త్రి గారు ఛాందోగ్యాన్ని తలచుకొని తమ నవలకు పేరు పెట్టారని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు, చెప్పనవసరమూ లేదు. తమ ఇంట పుట్టని ప్రతి మంచి వస్తువు మీద గోత్రనామాలు చెక్కే అలవాటును ఆస్తికులు మానుకోవాలి. కాని ఒక్కటి మాత్రం గమనించదగినది. ఇతరుని చూపు, ఇతరుని మాట, ఇతరుని అభిప్రాయం, వీటిని తీసివేస్తే సుబ్బయ్య మనస్సులో మిగిలేది ఏమీ లేదు. ఉపనిషత్తు అల్పానికి చెప్పిన లక్షణం ఒక మానవునిలో రూపం ధరిస్తే ఎట్లా ఉంటుందో తెలుసుకోగోరేవారికి ఆ గుమాస్తా కంటె మంచి ఉదాహరణ దొరకదు.

మరి నవల ఎక్కడ ఆగిపోతుంది? రంగస్థలం దగ్గర. నాటకదీపంలోని దీపం సభ ఖాళీ అయిన తరువాత కూడ వెలుగుతుంది. ఈ నవలాదీపం సుబ్బయ్య ఉన్నంతవరకే వెలుగుతుంది. భయం ఎట్లా పుడుతుందో చూపిస్తుంది, ఎవరికి పుడుతుందని అడుగదు. దీనిని లోపమని అనవచ్చు. కాని తెలిసిన మేరకు చెప్పి ఆగిపోయినవాడు, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పేవానికంటె గురువుకు దగ్గరగా ఉన్నాడు.

ఇక ఈ వాదంలో కష్టమైన భాగం. సుబ్బయ్య వంటివానికి ఆలయంలో ఏమి దొరుకుతున్నది? భయంతో వచ్చినవానిని భగవానుడు నిరాకరించలేదు. తనను భజించే నాలుగు విధాలవారిలో ఆర్తుని మొదట లెక్కించాడు. కాని ఆర్తుడు ఆర్తుడుగానే ఉండిపోవాలని ఆయన కోరలేదు. దైవీసంపదను వర్ణిస్తూ అభయాన్నే మొట్టమొదట చెప్పాడు. ఈ రెండింటి నడుమ దూరాన్ని దాటించడం ధర్మపీఠాల మీద కూర్చున్నవారి పని. నేడు జరుగుతున్నది ఏమిటి? జాతకం చూసి ఒక భయం, గృహం చూసి ఒక భయం, కలలో పాము కనబడినదంటే ఒక భయం. ఒక శాంతి చేయిస్తే రెండవ దోషం బయటపడుతుంది. శాంతికర్మలు శాస్త్రవిహితాలే, సందేహం లేదు. వాటిని ఆచరించిన తరువాత యజమానికి భయం తగ్గాలి. తగ్గకపోగా పెరిగితే, అక్కడ జరిగినది శాంతి కాదు, వ్యాపారం. భయాన్ని పెంచి జీవించేవారికి, భయం ఎట్లా పుడుతుందో విప్పిచూపే గ్రంథం నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. "సాధకులు నవలలు చదవరాదు" అనే ఉపదేశం వెనుక ఒక్కొక్కప్పుడు ఈ లెక్క కూడ దాగి ఉంటుంది. అందరిలో కాదు, కాని ఉన్నచోట దాచడం పాపం.

వేదం చదువుకొన్నవారు సైతం దీనికి అతీతులు కారు. ఆనందవల్లిని స్వరం తప్పకుండా పఠించి, బ్రహ్మానందాన్ని ఎరిగినవాడు దేనివలనను భయపడడని ఘంటాపథంగా చెప్పి, ఆ వెంటనే పర్యవేక్షకుడు వస్తున్నాడని ఉత్తరీయం సవరించుకొని ఒదిగి నిలువబడేవారు ఎందరు లేరు? వారిని నిందించడం ఉద్దేశం కాదు. వారు సుబ్బయ్యను చదివితే నవ్వుకొంటారు, ఆపైన నవ్వు ఆగిపోతుంది, ఆ తరువాత ఆనందవల్లి మరొక విధంగా వినబడుతుంది. ఈ మూడవదశ కొరకే ఇంత వాదం.

వన్ టౌన్ బురుజుపేటలో శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధి ఉన్నది. గర్భాలయానికి పైకప్పు లేదు. ఆకాశం కింద అమ్మవారు కొలువుదీరి ఉంటుంది. భక్తులు తమ చేతులతోనే పసుపు, కుంకుమ సమర్పిస్తారు. మార్గశిర మాసంలో గురువారాలు వచ్చాయంటే తెల్లవారకముందే వీధులలో బారులు తీరుతారు. తైత్తిరీయం చెప్పిన ఆ రవ్వంత ఎడాన్ని తొలగించి చూపే సన్నిధి ఇంతకంటె స్పష్టంగా మరొకటి ఉండదు. గోడ లేదు, తెర లేదు. అయినా ఆ వరుసలో నిలిచినవారి సంభాషణ వింటే ఏమి వినబడుతుంది? గత గురువారం రాలేకపోయాను, ఏమవుతుందో. కుంకుమ చేయిజారి కింద పడినది, అపశకునమా? పక్కావిడ తెచ్చిన చీర ఖరీదైనది, అమ్మ ఆమెనే చూస్తుందేమో. లేని గోడను భక్తులే మనస్సులో కట్టుకొని తెస్తున్నారు. అధికారి కనుబొమను చూసినట్లే అమ్మవారి ముఖాన్ని చూస్తున్నారు. సుబ్బయ్య కార్యాలయంలోనే లేడు. వరుసలో, పూలబుట్ట పట్టుకొని, నిలిచి ఉన్నాడు.

ఈ మాటకు మండపంలోని పెద్దలు కోపగించవచ్చు. కోపగించే ముందు వారు తమకు కంఠస్థమైన ఛాందోగ్యం సప్తమాధ్యాయంలో తొలి ఖండాన్ని ఒకసారి స్మరించాలి. నారదుడు సనత్కుమారుని వద్దకు వెళ్లాడు. నీకు తెలిసినదేదో చెప్పు, ఆపైన ఉపదేశిస్తానన్నాడు గురువు. నారదుడు తాను చదివిన విద్యలన్నింటిని ఏకరువు పెట్టాడు: నాలుగు వేదాలు, ఇతిహాసపురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య, ఇంకా ఎన్నో. అంత పెద్ద పట్టికను ముగించి, తాను మంత్రాలు తెలిసినవాడు మాత్రమేనని, ఆత్మ తెలిసినవాడు కాడని, దుఃఖిస్తున్నానని, దాటించమని అడిగాడు. భూమవిద్య అంతా ఈ ఒప్పుదలకు సమాధానంగా వచ్చినదే. విద్యల పట్టిక దగ్గరనే నారదుడు ఆగిపోయి ఉంటే సనత్కుమారుడు నోరు విప్పేవాడు కాడు.

పారాయణం చేసే పెద్దలకు పట్టిక ఉన్నది, ఒప్పుదల లేదు. సుబ్బయ్యకు పట్టిక లేదు. ఒప్పుదల మాత్రం పుటపుటలో ఉన్నది: తనకు భయమని, తాను చిన్నవాడనని, తనకు దారి తెలియదని అతడు పగలూ రాత్రీ లోపల అనుకొంటూనే ఉంటాడు. అర్జునునికి కృష్ణుడు, నారదునికి సనత్కుమారుడు దొరికినట్లు, అతని మాట వినడానికి ఆ ఊరిలో ఒక్క గురువైనా ఎదురుపడలేదు. ఆ నవల చేతబట్టుకొని మండపంలోకి వచ్చే యువకుని విషయంలో కూడ అట్లే జరగాలా అన్నది, పుస్తకం మూసివేయమని గద్దించే ముందు, పెద్దలు తేల్చుకోవలసిన సంగతి.